మాస్టారికి శాలువా కప్పుదామా, షెడ్డుకి రేకులు వేద్దామా?

చంపావతి గట్టు:
అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. మాది నెల్లిమర్ల దగ్గర ఒక ఊరు, ఇప్పుడు ఉండేది హైదరాబాద్‌లో. మా ఊళ్లో వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నారు. పేరు రాయను, రాశానని తెలిస్తే ఫోన్లోనే గుంజీలు తీయిస్తారు. మాస్టారని పిలుస్తాం గాని ఆయన చదివింది ఏడో తరగతి, బతుకంతా చేసింది జూట్ మిల్లులో పని.

సి షిఫ్టు పడిన వారం ఆయన రాత్రి పదింటికి మిల్లులోకి వెళ్లి పొద్దున్న ఆరింటికి గేటు దాటేవారు. ఇంటికి కాదు, సైకిల్ తొక్కుకుంటూ నేరుగా మాకు నేర్పే షెడ్డుకే వచ్చేసేవారు. తలలో, కనుబొమ్మల్లో, చెవుల మీద నార పీచు అంటుకుని ఉండేది. మేం గుంటలం, అంటే పిల్లలం, దాన్ని చూసి ముసలోడి వేషం అని నవ్వుకునేవాళ్లం. ఈయన రాత్రంతా మగ్గం దగ్గర నిలబడి వచ్చాడు, ఇంకా టీ కూడా తాగలేదు అనే సంగతి ఆ వయసులో ఒక్కడికీ తట్టలేదు. ఎనిమిదిన్నర దాకా మాతో ఉండి, మేం బడికి పోయాక ఆయన నిద్రకి పోయేవారు. మళ్లీ సాయంత్రం అయిదింటికి తాళం తీసేవారు.

1983లోనో 84లోనో మొదలెట్టారట. అప్పటికి బరువు ప్లేట్లు తగిలించే బార్ కూడా లేదు, ఇనప రాడ్డుకి రెండు వైపులా విసుర్రాయి దిమ్మలు బిగించి నేర్పారని మా బాబాయి చెప్తాడు. ఇవాళ్టి దాకా ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. నేను 2001లో చేరి మూడేళ్లు ఎత్తాను. జిల్లా స్థాయిలోనే ఆగిపోయాను, చెప్పుకోదగ్గ లిఫ్టర్ని కాదు. కానీ ఈ రోజుకీ నడుం నొప్పి అంటే ఏంటో నాకు తెలీదు, కిందున్న వస్తువు తీసేటప్పుడు నా వీపు దానంతటదే నిటారుగా ఉంటుంది. ఆఫీసులో నవ్వుతారు కూడా.

అసలు విషయం. వచ్చే నెలకి ఆయనకి 70 నిండుతాయి. పాత స్టూడెంట్లం వాట్సాప్‌లో మాట్లాడుకుని 60 వేల దాకా పోగు చేశాం. విజయనగరంలో ఒక హాలు తీసుకుని, శాలువా, జ్ఞాపిక, భోజనాలు, కుదిరితే ఎవరైనా పెద్దమనిషిని పిలిచి సన్మానం చేద్దామనుకుంటున్నాం. ఇలాంటివి చేసిన అనుభవం ఉన్నవాళ్లు సలహా చెప్పండి. హాలు, కేటరింగ్ గురించి కూడా.

రామతీర్థం రోడ్డు:
అన్నా, నేను ఆ షెడ్డుకి కిలోమీటరు దూరంలో ఉంటాను కాబట్టి కుండబద్దలు కొట్టి చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఆయన దగ్గర శాలువాలు బోల్డు ఉన్నాయి. ఒకటి బార్‌కి తుప్పు పట్టకుండా చుట్టి ఉంటుంది. ఒకటి నేల తుడవడానికి. జరీ అంచుది ఒకటుంది, దాన్ని మడత పెట్టి స్క్వాట్ చేసేటప్పుడు గుంటల మెడ మీద వేస్తారు, బార్ ఒరుసుకోకుండా. మీరు ఇంకో శాలువా కప్పితే ఇంకో గుంటడి మెడకి పనికొస్తుంది, అంతే.

షెడ్డు లోపలికి వచ్చి ఎన్నాళ్లయింది మీరు? మొన్న వానకి బరువులెత్తే ప్లాట్‌ఫాం మీద నీళ్లు నిలబడిపోయి రెండు రోజులు ప్రాక్టీసు లేదు. పై రేకులు నాలుగు చోట్ల పగిలాయి, వాటి మీద ఫ్లెక్సీ బేనర్లు కప్పి రాళ్లు పెట్టారు. హాలు అద్దె, భోజనాలు అంటున్నారు. ఆలోచించండి.

చంపావతి గట్టు:
సంక్రాంతికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వచ్చేశాను. పైకి చూడలేదు. నిజమే, నాదే తప్పు.

తెల్లలైటు:
ఈ జిల్లాల్లో వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకి రిఫరీగా వెళ్తుంటాను, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. లిఫ్ట్ ఒప్పయితే తెల్ల లైటు, తప్పయితే ఎర్ర లైటు, ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు ఎటుంటే అటు. మీరు చెప్తున్నది ఎవరో నాకు రెండో పేరాలోనే అర్థమైంది. పాసింజర్ రైల్లో పిల్లల్ని తీసుకొచ్చి, ప్లాట్‌ఫాం మీదే పెద్ద స్టీలు కేరేజీ విప్పి చోడి (రాగి) అంబలి పోసే మనిషి ఇంకెవరుంటారు.

ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఆయన కుర్రాడొకడు పోటీకి ముందు రోజు సాయంత్రం తూకం ఎక్కితే వాడు పోటీపడే బరువు క్లాసు కంటే కిలోంబావు ఎక్కువున్నాడు. ఈ ఆటలో అది మామూలే. రాత్రికి అన్నం మాన్పించి, పొద్దున్నే రెండు స్వెట్టర్లు తొడిగి పరిగెత్తిస్తే దిగిపోతాడు. పక్క జట్ల వాళ్లు అదే పని చేస్తున్నారు, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా బకెట్లో ఉమ్మి వేయించిన వాళ్లని చూశాను నేను. అందరం అదే చెప్పాం, ఎందుకంటే కింది క్లాసులో ఆ కుర్రాడికి గోల్డ్ ఖాయం. మాస్టారు ఒక్క నిమిషం ఆలోచించి, పేర్లు ఖరారు చేసే చోటికి వెళ్లి వాడి పేరు పై క్లాసులో రాయించి వచ్చారు. వచ్చి వాడికి రెండో ప్లేటు అన్నం వడ్డించారు. నేను ఉండబట్టలేక "ఎందుకలా చేశారు మాస్టారూ" అంటే, "ఎదిగే గుంటడికి కడుపు మాడ్చి మెడల్ తెచ్చాననుకో, ఆళ్లమ్మకి ఏటని చెప్పను?" అన్నారు.

కుర్రాడికి నాలుగో స్థానం వచ్చింది. మెడల్ లేదు, వాడు ఏడ్చాడు, వాళ్ల నాన్న మాస్టారి మీద కేకలేశాడు కూడా. ఆయన మారు మాట్లాడలేదు. ఆయన చేసింది రైటా తప్పా అని నాకిప్పటికీ కొంచెం డౌటే, ఎందుకంటే ఆ మెడల్ వచ్చుంటే ఆ కుర్రాడి దారి వేరేగా ఉండేదేమో. కానీ ఆ రోజు నుంచి ఎవరైనా పిల్లల్ని నేర్చుకోడానికి ఎక్కడికి పంపాలని అడిగితే నేను చెప్పే పేరు ఆయనదే.

నూట ఐదు:
నేను ఆయన మొదటి ఆడపిల్లల బ్యాచ్. ఇప్పుడు సీఆర్‌పీఎఫ్‌లో ఉన్నాను, డ్యూటీ వల్ల ఎక్కడున్నానో రాయను. నా పేరు ఏమిటా అని అనుకోకండి, నేను జీవితంలో ఎత్తిన పెద్ద బరువు అదే, జర్క్‌లో, అంటే బరువుని ముందు భుజాల మీదకి తెచ్చి తర్వాత తల మీదకి ఎత్తడం.

2000 సెప్టెంబర్ 19. సిడ్నీలో మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి అక్క 69 కిలోల క్లాసులో కాంస్యం కొట్టింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడమే ఆ ఏడు మొదలు, మెడల్ తెచ్చిన మొదటి భారత మహిళ మన ఆమదాలవలస పిల్ల. ఊళ్లో టీవీ ఉన్న ఇళ్ల ముందు జనం. మర్నాడు మాస్టారు షిఫ్టు దిగి షెడ్డుకి రాలేదు, మా వీధిలోకి వచ్చారు. ఆడపిల్లలున్న ఇల్లల్లా ఎక్కి దిగారు. అప్పటిదాకా షెడ్డులో ఆడపిల్ల అన్నదే లేదు.

మా ఇంట్లో మా నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆడగుంట ఇనుము ఎత్తితే కడుపు పండదని, ఎవడూ చేసుకోడని. మాస్టారు వాదన పెట్టుకోలేదు. "అయితే నువ్వూ రా అప్పా, రోజూ వచ్చి కూకో, నీకు బాగోపోతే ఆ రోజే పిల్లని తీసుకెలిపో" అన్నారు. ముసలిది నిజంగానే వచ్చింది. నాలుగు నెలలు, తెల్లారకట్ల, నులక మంచం కోడు పక్కన గొంతుక్కూర్చుని అడ్డపొగ పీలుస్తూ నన్నే చూసేది. అడ్డపొగ తెలీని వాళ్లకి, చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం, మా వైపు ఆడవాళ్లకి అలవాటు. మాట్లాడాలంటే చుట్ట తియ్యాలి కాబట్టి మొదటి నెల ఏమీ మాట్లాడలేదు. రెండో నెల్లో ఒక రోజు చుట్ట తీసి "ఒసే, మోచెయ్యి వంకర పోతంది" అంది. మాస్టారు నోట్‌బుక్ పక్కన పెట్టి, వంగి దండం పెట్టారు.

ఇంకో సంగతి, తెల్లలైటు గారికి తెలిసే ఉంటుంది. మగవాళ్ల బార్ 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్లది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లేగా అనుకుంటారు. పన్నెండేళ్ల పిల్ల బొటనవేలిని బార్‌కి ఆనించి మిగతా వేళ్లతో దాన్ని బిగించి పట్టాలి, ఆ మూడు మిల్లీమీటర్లకి వేలు అందదు. మేం ఏడాదిన్నర మగవాళ్ల బార్‌తోనే చేశాం, నా బొటనవేళ్ల చర్మం ఊడి ఊడి గట్టిపడిపోయింది. మాస్టారు ప్రతి రోజూ మా చేతులు చూసేవారు, ఏమీ అనేవారు కాదు. ఒక రోజు ఆటోలో పొడుగాటి పెట్టె దిగింది. ఆడవాళ్ల బార్. పీఎఫ్ లోను పెట్టి కొన్నారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

నేషనల్స్‌లో నాకు ఆరో స్థానం. మెడల్ లేదు. కానీ ఫోర్సు సెలక్షన్లో ఫిజికల్ టెస్టు రోజు మిగతా అమ్మాయిలు టెన్షన్‌తో వణుకుతుంటే నాకు మాత్రం మా షెడ్డులో ఉన్నట్టే అనిపించింది.

సన్మానం వద్దు. రేకులు వెయ్యండి. నా వంతు 10 వేలు.

పలాస జీడి:
మాది కబడ్డీ ఊరు, ఈ ఇనుము గొడవ మాకు తెలీదు గాని చదువుతుంటే బాగుంది. ఒక సందేహం. మల్లీశ్వరి శ్రీకాకుళం, మీరందరూ విజయనగరం. అసలు మన వైపు వాళ్లకి ఈ బరువులెత్తే పిచ్చి ఎక్కడిది? తీరంలో పుట్టాం కదా, ఈతల్లో రావాలి మెడల్స్.

పాత తాలింఖానా:
తమ్ముడూ, ఈ పిచ్చి ఇప్పటిది కాదు. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారి పేరు విన్నావా? వీరఘట్టం ఇప్పుడు మన్యం జిల్లాలోకి పోయింది, మొన్న 2022 దాకా శ్రీకాకుళమే. ఆయన విజయనగరంలో కసరత్తు నేర్చుకుని, అక్కడే వ్యాయామం మాస్టారుగా చేసి, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టారు. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకోవడం, ఒంటికి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగించి తెంపడం ఆయన ఆటలు. కలియుగ భీముడని పిలిచేవాళ్లు. శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది, బస్సు కిటికీలోంచి చదివి ఉంటావు. మా తాతల కాలంలో వీధికో తాలింఖానా (కసరత్తు శాల), దంగలు (కుస్తీ పోటీలు), కర్రసాము. ఆ ఇసక గుంటలు పోయి వాటి చోట ఇనుము వచ్చింది, నాకు తెలిసింది అంతే.

కానీ కథలు పక్కన పెడితే అసలు కారణం పేదరికం అని నా ఉద్దేశం. ఒక బార్, నాలుగు జతల ప్లేట్లు ఉంటే ముప్ఫై మంది పిల్లలు వంతులేసుకుని నేర్చుకోవచ్చు. బూట్లు లేకపోయినా మొదట్లో నడుస్తుంది. ఒక మెడల్ వస్తే రైల్వేలోనో ఆర్మీలోనో ఉద్యోగం వస్తుందని ఆశ. నెల్లిమర్ల మండలంలోనే కొండవెలగాడ చూడు, పల్లెటూరు, అక్కణ్ణుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ దాకా వెళ్లింది. 53 కిలోల్లో కాంస్యం వచ్చింది, గోల్డ్ కొట్టిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికితే మన పిల్లది వెండి అయింది.

ఆ వార్త వచ్చిన రోజు నేను ఈ మాస్టారి షెడ్డులోనే ఉన్నాను, నా మనవణ్ణి దింపడానికి వెళ్లాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, మనకి వెండి వచ్చిందని. ఆయన కూడా సంతోషించారు, కానీ కాసేపాగి పేపరు మళ్లీ చదివి, "ఆ పిల్లకి పదహారేళ్లేనట్రా" అన్నారు. "ఆ వయసులో గుంటలకి ఏటి తెలుస్తాది, పక్కనున్న పెద్దోళ్లు ఏం చేస్తన్నారో" అని పేపరు మడిచేశారు. ఆ రోజు షెడ్డులో ఎవరెవరు ఏ పొడులు తాగుతున్నారో సంచులన్నీ తీయించి చూశారు. నా మనవడి సంచిలో బూస్ట్ దొరికింది, పాపం దానికీ సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

తెల్లలైటు:
ఆయన పాఠాల్లో సిడ్నీది కూడా ఒకటుంది, నూట ఐదు గారు చెప్పలేదు. మల్లీశ్వరి స్నాచ్‌లో, అంటే బరువుని ఒకే ఊపులో తల మీదకి ఎత్తడంలో, 110, జర్క్‌లో 130, మొత్తం 240. గోల్డ్, సిల్వర్ ఇద్దరివీ 242.5. చివరి ప్రయత్నంలో 137.5కి వెళ్లింది, ఎత్తుంటే గోల్డే, అందలేదు. మాస్టారు ఈ కథ చెప్పి, పక్కన ఉన్న కిలోంబావు ప్లేట్లు రెండు తీసి పిల్లల చేతుల్లో పెట్టేవారు. "ఇదే తేడా. చూసుకోండి." ఇంకేమీ చెప్పేవారు కాదు. ఒకసారి మాత్రం, "అయినా మనకి కంచే బంగారం" అని తనలో తను అనుకోవడం విన్నాను.

ఇనప పని:
ఫ్యాబ్రికేషన్ చేస్తాను, విజయనగరం. రేకుల మాట వచ్చింది కాబట్టి నాలుగు ముక్కలు. మళ్లీ సిమెంటు రేకులు వెయ్యకండి. 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ తుఫానుకి ఈ చుట్టుపక్కల సిమెంటు రేకుల షెడ్లు అప్పడాల్లా పగిలిపోయాయి, ఆ షెడ్డుది కూడా అప్పుడు పగిలిందే అయ్యుంటుంది. రంగు పూత ఉన్న జీఐ (జింకు పూత ఇనప) రేకులు వెయ్యండి, కానీ రేకుల కంటే ముందు కింది పైపులు చూడాలి. పైపులు తుప్పుపట్టి ఉంటే కొత్త రేకులు వేసినా గాలికి పైపులతో సహా లేచిపోతాయి. స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి, అంచుల వైపు ఇంకా దగ్గరగా, ఎందుకంటే గాలి పట్టుకునేది అంచునే. మరీ ముఖ్యం, ఆ స్థలం ఎవరిది? పంచాయతీదైతే తీర్మానం కాపీ ఒకటి చేతిలో పెట్టుకుని పని మొదలెట్టండి. తర్వాత ఎవరో వచ్చి ఇది మాది అంటే మీ 60 వేలు గాల్లో.

కూలీ నాకొద్దు. మెటీరియల్ మీరు కొనండి.

చంపావతి గట్టు:
ఇనప పని గారూ, దండం అన్నా. స్థలం పంచాయతీదే, సర్పంచ్ గారితో రేపు మాట్లాడిస్తాను. హాలు అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు, బతికిపోయాను.

పొద్దున్న బ్యాచ్:
నేను ఇప్పుడు అక్కడ నేర్చుకుంటున్నాను, డిగ్రీ రెండో సంవత్సరం, ఆర్మీకి ప్రయత్నిస్తున్నాను. మీరందరూ పాత కథలు చెప్తున్నారు కాబట్టి ఇప్పటి సంగతి చెప్తాను. ఇప్పుడు రోజూ వచ్చేది 14 మంది అమ్మాయిలు, 9 మంది అబ్బాయిలం. మాస్టారికి కుడి మోకాలు వంగడం లేదు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. చూపు కూడా తగ్గింది. కానీ ఒక రోజు నేను వెనక వైపు స్నాచ్ చేస్తుంటే, ఇటు తిరక్కుండానే "బార్ తొడకి దూరంగా పోతంది, దగ్గరికి లాగు" అన్నారు. ఎలా తెలిసింది మాస్టారూ అంటే ప్లేట్ల చప్పుడు అన్నారు. బార్ ఒంటికి దగ్గరగా లేస్తే ఒకే చప్పుడు వస్తుందట, దూరంగా పోతే కాలర్ల (ప్లేట్లు జారకుండా బిగించేవి) దగ్గర ప్లేట్లు రెండు సార్లు గలగలమంటాయట. అప్పట్నుంచి నేను వినడానికి ప్రయత్నిస్తున్నాను, నాకు మాత్రం అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి.

బరువు దించేటప్పుడు మాత్రం ఇప్పటికీ తిడతారు. "నెమ్మదిగా దించండ్రా, ప్లేటు పగిలితే కొనేది ఎవలు, మీ మావా?"

ఇంకొకటి. అమ్మాయిలకి బట్టలు మార్చుకోడానికి చోటు లేదు. పక్కింటి వాళ్ల దొడ్డికి వెళ్తారు. ఆ ఇంటివాళ్లు ఊరెళ్తే ఇబ్బంది. రేకులతో పాటు అది కూడా చూడండి అన్నా.

మాస్టారి పెద్దమ్మాయి:
నా తోడబుట్టిన వాడు లింకు పంపితే చదివాను. అవును, నేను ఆయన కూతుర్నే. మీరందరూ ఇంత ప్రేమగా రాసినందుకు సంతోషంగానే ఉంది, అయినా నా మనసులో ఉన్నది కూడా రాస్తాను, తప్పుగా అనుకుంటే అనుకోండి.

నూట ఐదు, నువ్వెవరో నాకు తెలుసు. 2000లో నీకు పన్నెండు, నాకు పదమూడు. నాన్న వీధిలో ఆడపిల్లలున్న ఇల్లల్లా తిరిగారని రాశావు. ఒక్క ఇంటికి రాలేదు, మా ఇంటికి. నన్నూ నేర్పమని అడిగాను. ఏడ్చాను, రెండు రోజులు అన్నం మానేశాను. "నీ చేతికి బార్ ఇస్తే, కూతురికోసమే షెడ్డు పెట్టాడంటారమ్మా. ఉన్నది ఒక్క బార్" అన్నారు. బదులుగా నోట్‌బుక్ నా చేతికి ఇచ్చారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి బాడీవెయిట్ ఎంత, ఎవరు ఎంత ఎత్తారు. ఆరేళ్లు రాశాను. మీ అందరి పేర్లూ నా దస్తూరీలో ఉన్నాయి. చంపావతి గట్టు అన్నయ్య అయితే వారానికి రెండు రోజులు లేటు, ఎర్ర పెన్నుతో రాసేదాన్ని.

ఆ పుస్తకాల్లో రాయనిది ఒకటుంది, ఖర్చు. పీఎఫ్ లోను సంగతి మీకిప్పుడు తెలిసింది. రోజూ పాతిక కోడిగుడ్లు ఉడకబెట్టింది అమ్మ. చోళ్లు విసిరింది అమ్మ. గేదె పాలు అమ్మిన డబ్బులు ఆ గుడ్లకే పోయేవి. ఏ సన్మానంలోనూ అమ్మని వేదిక మీదకి పిలిచినవాళ్లు లేరు, పిలిచినా రాదనుకోండి. నాన్న మీద నాకు కోపం ఉందా అంటే ఉంది. గౌరవం లేదా అంటే, నేను ఇవాళ పీఈటీగా పిల్లల్ని ఆడిస్తున్నానంటే ఆ నోట్‌బుక్ వల్లే. రెండూ ఉన్నాయి.

హాలు, శాలువా వద్దని నేనూ అంటున్నాను. రేకులు మంచిదే, అమ్మాయిలకి గది ఇంకా మంచిది. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. ఆయనకి షుగరు, మోకాలు, చూపు. పొద్దున్న అయిదున్నరకి తాళం తీసేది ఇప్పటికీ ఆయనొక్కరే. ఒక రోజు జ్వరం వస్తే 23 మంది పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి వెనక్కి పోతున్నారు. ఆ తాళం చెవి ఎవరు తీసుకుంటారు? డబ్బులు అందరూ పంపుతారు.

రామతీర్థం రోడ్డు:
అమ్మా, చదివి పది నిమిషాలు ఏమీ తోచలేదు. మంగళ, గురువారాలు నేను తాళం తీస్తాను. నాకు ఆట రాదు, తలుపు తియ్యడం వచ్చు.

నూట ఐదు:
అక్కా, నిజంగా నాకు తెలీదు. నువ్వు రాయడం ఇష్టమై రాస్తున్నావనుకున్నాను. క్షమించు.

పలాస జీడి:
కబడ్డీ వాడిని, నాకెందుకు ఏడుపొస్తోంది ఇక్కడ.

తెల్లలైటు:
శని, ఆదివారాలు పోటీలు లేనప్పుడు నేను వస్తాను. బస్సు గంటే. పొద్దున్న బ్యాచ్ తమ్ముడూ, మిగతా రోజులు నీ బ్యాచ్‌లో పెద్దవాళ్లు ఇద్దరు బాధ్యత తీసుకోవాలి, కానీ పెద్దవాళ్లు ఎవరూ లేకుండా చిన్నపిల్లల చేత జర్క్ చేయించొద్దు.

చంపావతి గట్టు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పని అయింది. తీర్మానం కాపీ ఫొటో తీసి పెట్టుకున్నాను. ఇనప పని అన్న చెప్పినట్టే పైపులు రెండు పూర్తిగా తుప్పు, మార్చాం. రేకులు నీలం రంగు. అమ్మాయిలకి పక్కనే చిన్న గది, లోపల గడియ, కొళాయి. మొత్తం 94 వేలు అయింది, లెక్క కాగితం షెడ్డు గోడకి అంటించాం.

మాస్టారు సంతోషిస్తారనుకుని వెళ్లానా, ఆయన కోపంగా ఉన్నారు. వెల్డింగ్ కోసం నాలుగు రోజులు షెడ్డు మూశాం కదా, అదీ కోపం. ఆ నాలుగు రోజులూ వేపచెట్టు కింద పిల్లల చేత చీపురు కర్రలతో స్నాచ్ చేయించారట. నన్ను చూడగానే, "లేటు" అన్నారు. పొద్దున్న ఆరూ పది. ఖాళీ బార్ ఎత్తించారు. ఇరవై ఏళ్ల తర్వాత. మోచేతులు లాక్ కాలేదు, పక్కనున్న పదేళ్ల పిల్ల నవ్వింది. మూడోసారికి కుదిరింది, ఆయన ఏమీ అనలేదు, అంటే తెల్ల లైటే అన్నమాట. కిందికి దించేటప్పుడు మాత్రం తిట్టించుకున్నాను.

శాలువా తీసుకెళ్లలేదు. అమ్మగారికి గుడ్లు ఉడకబెట్టే పెద్ద గిన్నె ఒకటి, గ్యాస్ స్టవ్వు తీసుకెళ్లాం. ఆవిడ గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చిన్నది, ఇద్దరు కొత్తగా చేరారు" అన్నారు. మార్చి తెచ్చాం.

తాళం చెవులు నాలుగు చేయించాం. ఒకటి పెద్దమ్మాయికి ఇమ్మని మాస్టారే ఇచ్చారు. ఎందుకు ఏమిటి అని చెప్పలేదు, నేనూ అడగలేదు.

పొద్దున్న బ్యాచ్:
అన్నా, మీరు వెళ్లిపోయాక ఆదివారం అక్క వచ్చారు, తాళం ఆవిడే తీశారు. మేం వార్మప్ చేస్తుంటే అక్క ఆడవాళ్ల బార్ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మాస్టారు చూస్తున్నారు. ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత ఏమైందో అక్కే చెప్పాలి, నేను చెప్తే బాగోదు.

మాస్టారి పెద్దమ్మాయి:
చెప్పడానికి ఏముంది. ఎత్తాను, వట్టి బార్, 15 కిలోలు, ఆరుసార్లు. పట్టు బాగానే ఉందన్నారు. మరి ఆరేళ్లు చూసి చూసి రాశాను కదా. తర్వాత నోట్‌బుక్ తీసి కొత్త పేజీలో నా పేరు రాశారు, అక్షరాలు వంకరగా, గీత దాటి. వయసు 38. బాడీవెయిట్ గడి దగ్గర పెన్ను ఆపి నా వైపు చూశారు. 64 అని చెప్పాను.

"అబద్ధం. తూకం ఎక్కు" అన్నారు.